బూరుగుచెట్టు కూలిన పట్టణము

పడమటి ఆఫ్రికాలో, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున, పచ్చని కొండల పాదమున ఫ్రీటౌను పట్టణము వెలసియున్నది. ఇది సియెర్రా లియోను దేశమునకు రాజధాని. స్వేచ్ఛాపురమని యా పేరునకర్థము. దాస్యవిముక్తులైన ఆఫ్రికా సంతతివారు 1792వ సంవత్సరమున ఓడలలో వచ్చి యిచట దిగి, ఒక పెద్ద బూరుగుచెట్టు నీడను దైవప్రార్థన చేసిరని జనశ్రుతి. ఆ మహావృక్షము 2023 మే నెలలో గాలివానకు కూలిపోయినది.

చెట్టును కూల్చిన గాలి యొక రాత్రితో శాంతించెను. యువకులను కూల్చుచున్న మత్తు మాత్రము శాంతింపలేదు. దాని పేరు కుష్. ఎండుటాకులకు రసాయనములు పట్టించి, చుట్టి, పొగత్రాగుదురు. గంజాయిని పోలిన కృత్రిమ ద్రవ్యములును, నల్లమందువలె పనిచేయు నిటజీనులును అందు కలవని 2025లో వెలువడిన పరీక్షలు తెలిపినవి. నిటజీనులు ఊపిరిని మందగింపజేసి ప్రాణమునే హరింపగలవు. త్రాగినవారు నిలుచుండియే కునుకుదురు. కొందరికి కాళ్లు వాచి పుండ్లు పడును. 2024 ఏప్రిలులో దేశాధ్యక్షుడు జూలియస్ మాడా బియో దీని విషయమై జాతీయ అత్యవసర పరిస్థితిని ప్రకటించెను.

ఈ విషము అచట నింతగా వేరూనుటకు కారణమేమి? ఆ నేలను చూచిన తెలియును. 1991 మొదలు 2002 వరకు అంతర్యుద్ధము. 2014లో ఎబోలా మహమ్మారి. 2017లో కొండచరియ విరిగిపడి, మృతులును జాడ తెలియనివారును కలిసి వేయిమందికి పైగా నైరి. ఎందరో బిడ్డలు పెద్దదిక్కును గోల్పోయిరి. చదివినవారికిని పని దొరకుట కష్టము. మత్తు మాత్రము చౌకగా దొరకును. తోడివారందరును త్రాగు వీధిలో ఒక్కడు మానుట సులభమా? ఇంటివారు సిగ్గుచే తలుపు మూసిన, ఆ వీధియే వానికి ఇల్లగును.

కిస్సీ పేటలో 1820లో స్థాపింపబడిన మానసిక చికిత్సాలయము కలదు. కాని యింతమందికి అది యొక్కటియే చాలునా? అందుచే బొంబాయి యను పేరుగల మరియొక పేటలో ఇరుగుపొరుగువారే పూనుకొని, మత్తు మాన్పుటకొక కేంద్రమును నెలకొల్పిరి. బిడ్డలను చెరచిన పరిసరమే వారిని బాగుచేయుటకును పూనినది.

మన బిడ్డ సాయంకాలము ఎవరితో కూడునో, వాని చేతికి పని యున్నదో లేదో తెలిసికొనుట తల్లికి తగిన పనియే. ఒకవేళ వాడు తప్పుత్రోవ తొక్కినచో దాచిపెట్టుటయు, వెళ్లగొట్టుటయు రెండును కీడే. వెంటనే వైద్యునికి చూపి, ఇంటి తలుపు తెరచియుంచవలెను.