మంచు కురవక ముందు గుల్‌మర్గ్

శ్రీనగర్ నుండి గుల్‌మర్గ్‌కు సుమారు 50 కిలోమీటర్లు. టంగ్‌మర్గ్ దాటిన తరువాత మిగిలే 13 కిలోమీటర్లూ అడవి గుండా మలుపులు తిరుగుతూ పైకి సాగే దారి. నవంబరు చివరి వారంలో మేము ఆ దారి పట్టాము. హైదరాబాదులో రైలెక్కినది మొదలు మా పిల్లల నోట ఒకటే మాట: గొండోలా ఎక్కాలి.

గుల్ అంటే పువ్వని మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనక్కరలేదు. మర్గ్ అంటే పచ్చిక బయలు. 16వ శతాబ్దంలో కశ్మీరును ఏలిన యూసుఫ్ షా చక్ ఈ చోటికి ఆ పేరు పెట్టాడని చెబుతారు. మేము చేరే వేళకు అక్కడ పూలూ లేవు, మంచూ లేదు. ఎండిన గడ్డి, ఎదుట అఫర్వత్ శిఖరం, దాని నుదుట పలుచని తెల్లదనం. టికెట్ల కిటికీ మూసి ఉంది. మరమ్మతుల నిమిత్తం గొండోలా నడవదని బోర్డు వ్రాసి పెట్టారు. చిన్నవాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

గుర్రం పట్టుకొని నిలబడిన ఒక పెద్దాయన అది గమనించి సలాం చేసి దగ్గరకు వచ్చాడు. "ఏడవకు బేటా, దానికి వైద్యం జరుగుతున్నది. రా, చూపిస్తాను" అన్నాడు. మేము ఆయనను చాచా అని పిలిచి వెంట నడిచాము.

గొండోలా మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో ప్రారంభమయ్యాయి. మొదటిది కొంగ్‌డూరీ వరకు, రెండవది దాదాపు 3,950 మీటర్ల ఎత్తున అఫర్వత్ భుజం వరకు చేరుస్తుంది. కొంగ్‌డూరీ నుండి స్కీయింగ్ చేసేవారి కొరకు చైర్‌లిఫ్ట్ కూడ ఉన్నది. క్రింద నుండి చూస్తే అంతా ఒక తీగ, కొన్ని డబ్బాలు. దగ్గరకు వెళ్ళి చూస్తేనే అసలు సంగతి తెలిసింది.

ఒక స్తంభం మీద ఇద్దరు పనివారు నడుముకు పట్టీలు బిగించుకొని కప్పీలు విప్పుతున్నారు. ఉక్కు తాడు ఆ కప్పీల మీదనే పరుగెత్తుతుంది. వాటి అంచున ఉండే రబ్బరు అరిగితే తాడు వణుకుతుంది. క్రింద మరొకతను కేబిన్‌ను తాడుకు పట్టి ఉంచే పిడిని విప్పి, తుడిచి, పగుళ్ళున్నాయేమో వెదకుతున్నాడు. తాడుకు మొదలూ తుదీ ఉండవని, రెండు కొసల పోగులను చాలా దూరం వరకు ఒకదానిలో ఒకటి అల్లి కలుపుతారని, ముడి అన్నదే ఉండదని అతను మా పిల్లలకు వివరించాడు. పాత లిఫ్టును తీసి కొత్తది నిలపాలంటే పునాదుల కాంక్రీటు నేల గడ్డకట్టక ముందే ఆరాలట. మనుషులను ఎక్కించే ముందు బరువులు ఎక్కించి, నిండు భారంతో బ్రేకులు పట్టుతున్నవో లేదో చూడాలట.

"మంచు పడగానే అందరూ ఎప్పుడు తెరుస్తారని అడుగుతారు. సిద్ధంగా ఉన్నదా అని అడిగేవారు తక్కువ" అన్నాడతను తల ఎత్తకుండానే.

మేము చాచా వైపు చూశాము. గొండోలా ఆగితే యాత్రికులు తగ్గుతారు, ఆయన గుర్రానికి దాణా కష్టమవుతుంది. నాలుగు రోజులుగా బేరం లేదని ఆయనే చెప్పాడు. "మరి త్వరగా తెరవాలని మీకు ఉండదా?" అని అడిగాము.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. 2017 జూన్ 25, ఈద్‌కు ముందు రోజు. పెనుగాలికి విరిగిన చెట్టు తీగల మీద పడింది. ఆ ప్రమాదంలో ఏడుగురు మరణించారు. ఒకే కుటుంబం వారు నలుగురు, స్థానికులు ముగ్గురు. మిగిలిన కేబిన్లలో చిక్కుకున్న వారిని ఒక్కొక్కరిగా దింపవలసి వచ్చింది. "ఆ మరుసటి రోజు ఇక్కడ ఎవరు పండుగ చేసుకున్నారు? నా గుర్రం నాలుగు రోజులు పస్తున్నా బ్రతుకుతుంది. తెరవమని నేను తొందరపెట్టను" అన్నాడు చాచా.

అసర్ వేళకు పనివారు క్రిందికి దిగారు. మేమూ వారితో కలిసి ఒకే వరుసలో నిలబడ్డాము. మా చిన్నవాని ప్రక్కన నిలిచినది పిడులు తుడిచిన అతనే. ఎంత కడిగినా అతని గోళ్ళలో గ్రీజు పోలేదు. నమాజు ముగిశాక మావాడు ఆ చేతిని రెండు చేతులతో పట్టుకొని సలాం చేశాడు.

గొండోలా ఎక్కకుండానే మేము తిరిగి వచ్చాము. మనం టికెట్టు కొని ఎక్కే ప్రతి బండి వెనుక ఇటువంటి చేయి ఒకటి ఉంటుంది. మన ప్రాణాలు దానికి అమానతు. ఆ చేతికి కావలసినంత సమయం ఇవ్వడం మన వంతు. దారిలో చిన్నవాడు అడిగిన ప్రశ్న ఒక్కటే: "ఆ కప్పీలన్నీ మార్చేశారంటారా?"