పట్టు దొరకని బ్రేకు

మలక్‌పేట రైల్వే వంతెన కింది పల్లం మా ప్రాంతం వారికి సుపరిచితమే. వాన కురిస్తే నీరు నిలిచే చోటు అది. వాన లేని రోజుల్లో బండి దానంతట అదే వేగం పుంజుకునే చోటు. మేమిద్దరం అన్నదమ్ములం. ఒక సాయంత్రం మాలో పెద్దవాడు అమ్మీని వెనుక కూర్చోబెట్టుకుని చాదర్‌ఘాట్ వైపు నుండి వస్తుండగా, ఆ పల్లంలో ఒక వృద్ధుడు రోడ్డు దాటబోయాడు. ముందు బ్రేకు లీవరు నొక్కితే అది ఏ అడ్డూ లేకుండా వచ్చి పిడికి తగిలింది. వెనుక బ్రేకు తొక్కి, గేరు తగ్గిస్తే, బండి ఆ వృద్ధునికి మూరెడు దూరంలో ఆగింది. అల్లాహ్ కాపాడాడు.

అమ్మీ మాట్లాడకుండా దిగి, ఇంటి వరకూ నడిచే వచ్చారు. వచ్చాక ఒక్క ప్రశ్న అడిగారు: "బేటా, ఇది ఇవాళే చెడిందా, మీకు ముందే తెలుసా?"

మాకు ముందే తెలుసు. వారం రోజులుగా లీవరు మెత్తబడుతూనే ఉంది. రెండు మూడు సార్లు గబగబా నొక్కితే పట్టు దొరికేది కనుక, 'నడుస్తోంది కదా' అనుకున్నాము. ఒకరికొకరం చెప్పుకున్నాము గానీ, వెనుక కూర్చునే అమ్మీకి చెప్పలేదు.

ఆ బండి మరణించిన మా అబ్బా మిగిల్చినది. 125 సీసీ దాటిన ద్విచక్ర వాహనాలన్నింటికీ 2019 ఏప్రిల్ 1 నుండి ఏబీఎస్ తప్పనిసరి అయింది. మాది అంతకు ముందుది. అయినా నూనెలో ఒత్తిడే పుట్టనప్పుడు ఏ ఏబీఎస్ అయినా ఏం చేయగలదు? డిస్క్ బ్రేకు పని చేసే తీరు సులభమైనది. లీవరు నొక్కితే మాస్టర్ సిలిండర్‌లోని పిస్టన్ నూనెను గొట్టంలోకి నెడుతుంది. ఆ ఒత్తిడి చక్రం వద్దనున్న క్యాలిపర్‌కు చేరి, ప్యాడ్లను డిస్కుకు అదుముతుంది. ద్రవంపై పడిన ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని 17వ శతాబ్దంలో పాస్కల్ చెప్పిన సూత్రమే దీనికి ఆధారం. నూనె నలగదు, గాలి నలుగుతుంది. గొట్టంలో కాస్త గాలి చేరినా మన చేతి బలమంతా ఆ గాలిని నలపడానికే ఖర్చవుతుంది.

మరునాడు మేమే మరమ్మతుకు పూనుకున్నాము. క్యాలిపర్ రబ్బరు వద్ద తడి కనిపించింది. పైనున్న డబ్బాలో నూనె అడుగంటింది. పుత్లీబౌలి వెళ్లి కొత్త రబ్బర్లు, డాట్ 4 నూనె తెచ్చాము. నల్లబడిన పాత నూనెను పూర్తిగా దించివేసి, రబ్బర్లు మార్చి, కొత్త నూనె పోశాము. అస్ర్ నమాజు తర్వాత మొదలుపెట్టి ఇషా వేళ వరకూ లీవరు కొడుతూనే ఉన్నాము. చేతులు నొప్పి పుట్టాయే గానీ పట్టు రాలేదు. కింది నిపిల్ వదులు చేస్తే నూనె రాలేదు, బుడగలూ రాలేదు.

చివరకు అక్బర్‌బాగ్‌లోని ఒక పాత ఉస్తాద్‌ను పిలుచుకుని వచ్చాము. ఆయన పానా పట్టుకునే ముందు, "లీవరు ఏమంటోందో వినండి" అన్నారు. ఆయన చెప్పినది పాఠకులకూ ఉపయోగపడుతుందని ఇక్కడ రాస్తున్నాము.

పదేపదే నొక్కితే గట్టిపడి, కాసేపటికి మళ్లీ మెత్తబడితే లోపల గాలి ఉన్నట్లు. గట్టిగా పట్టుకుని ఉంచినప్పుడు లీవరు మెల్లగా కిందికి జారుతూ, బయట ఎక్కడా తడి లేకపోతే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు కప్పు అరిగినట్లు. ఎన్నిసార్లు కొట్టినా ఏ అడ్డూ లేక, కింద నూనె కూడా రాకపోతే, మాస్టర్ సిలిండరే నూనెను నెట్టడం లేదని అర్థం. మూత తీసి లీవరును కొద్దిగా కదిపితే డబ్బాలో నూనె సన్నగా పైకి చిమ్మాలి. చిమ్మకపోతే అక్కడి సూది మొనంత రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు.

మాది మూడో రకం. మొదటి లోపం క్యాలిపర్‌ది. దానిని మేము సరిగానే బాగు చేశాము. కానీ నూనె పూర్తిగా దించినప్పుడు మాస్టర్ సిలిండర్ ఖాళీ అయి గాలితో నిండింది. మూడు గంటలు మేము కొట్టినది ఆ గాలినే. రెండో లోపం మా చేతులతో మేమే తెచ్చిపెట్టుకున్నాము.

ఉస్తాద్ పెయింటు పాడవకుండా ట్యాంకుపై తడి గుడ్డ పరిచారు. మాస్టర్ సిలిండర్ వద్ద గొట్టం విప్పి, ఆ రంధ్రాన్ని వేలితో మూసి, లీవరును నిదానంగా నొక్కమన్నారు. నొక్కినప్పుడు వేలు కొద్దిగా వదులు చేసి, లీవరు వదిలేటప్పుడు గట్టిగా మూసేవారు. పదిసార్లకు వేలి కింద నూనె తోపు తెలిసింది. కొత్త రాగి వాషర్లతో గొట్టం బిగించాక, కింది నిపిల్‌కు సన్నని ట్యూబు తగిలించి, దాని కొసను నూనె ఉన్న సీసాలో ముంచారు. లీవరు నొక్కి పట్టడం, నిపిల్ వదులు చేయడం, నిపిల్ బిగించడం, ఆ తర్వాతే లీవరు వదలడం. ఈ వరుస తప్పితే గాలి తిరిగి లోపలికి పోతుంది. మధ్యమధ్య పై డబ్బా నింపుతూ బుడగలు ఆగే వరకూ ఇదే చేశాము.

మేము ఒక రబ్బరును పెట్రోలుతో కడగబోతే ఆయన వారించారు. పెట్రోలు, ఇంజిన్ ఆయిల్ తగిలితే ఆ రబ్బర్లు ఉబ్బి చెడిపోతాయట. ఇంట్లో ఏళ్ల క్రితం తెరిచిన నూనె సీసాను పారవేయించారు. ఈ నూనె గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 నూనె కనీసం 230 డిగ్రీల వరకూ మరగదు. తేమ చేరాక ఆ హద్దు 155 డిగ్రీలకు పడిపోవచ్చు. మరిగిన నూనెలో పుట్టే ఆవిరి కూడా గాలిలాగే నలుగుతుంది. అందుకే రెండేళ్లకొకసారి నూనె మార్చడం మంచిది. ఏబీఎస్ ఉన్న బండ్లలో గాలి ఆ యంత్రంలోనూ దాగవచ్చు కనుక వాటిని సర్వీసు సెంటరుకే అప్పగించాలి.

ఆ రాత్రి లీవరును సైకిల్ ట్యూబు ముక్కతో పిడికి కట్టి ఉంచాము. ఫజ్ర్ తర్వాత విప్పి నొక్కితే సగంలోనే రాయిలా నిలిచింది. నిమిషం పాటు పట్టుకున్నా జారలేదు. అయినా వెంటనే రోడ్డెక్కలేదు. గల్లీలో నడక వేగంతో ఇరవై సార్లు ఆపి చూసి, ప్రతి జోడింపు వద్దా తెల్ల కాగితం అద్ది తడి లేదని నిర్ధారించుకున్నాము.

ఒంటెను కట్టిన తర్వాతే దైవంపై నమ్మకం ఉంచమన్న ప్రవక్త (స) బోధ మేము చిన్ననాటి నుండి విన్నదే. ఆ వారమంతా మేము కట్టని ఒంటెపై అమ్మీని కూర్చోబెట్టాము. వెనుక కూర్చున్నవారి ప్రాణమూ, ఎదురుగా రోడ్డు దాటేవారి ప్రాణమూ బండి నడిపేవాని చేతిలోని అమానత్ అని ఆ వృద్ధుని ముఖం గుర్తుకు వచ్చినప్పుడల్లా అనిపిస్తుంది.

జుమా రోజున అమ్మీ బండి వద్దకు వచ్చారు. మేము లీవరు నొక్కి చూపబోతే, "అది మీరు చూసుకోండి. ఏదైనా తేడా వస్తే ముందు నాకు చెప్పండి, అంతే చాలు" అని వెనుక కూర్చున్నారు. ఇప్పుడు ప్రతి శుక్రవారం మూత పక్కనున్న గాజు కంటిలో నూనె మట్టం చూస్తాము. చూసినది అమ్మీకి చెబుతాము.