దీపాల వేళ చుట్టాలు

ఏమండీ, మీ ఇంట్లోనూ మొదలైందా పురుగుల గోల? ఆశ్వయుజం వచ్చి వానలు తగ్గుముఖం పట్టాయో లేదో, సందెవేళ లైటు వేస్తే చాలు, ట్యూబులైటు చుట్టూ పచ్చటి పురుగులు ముసురుకుంటాయి. అన్నం కంచంలో పడతాయి, చొక్కా మెడలోకి దూరతాయి, చదువుకునే పిల్లల పుస్తకాల మీద గెంతుతాయి.

ఇవి మన పొలాల్లోంచి వచ్చేవే. గోదావరి, కృష్ణా డెల్టాల్లోనైనా, నిజామాబాద్ వైపైనా సార్వా వరి ఈనేదీ, గింజ పాలు పోసుకునేదీ ఈ రోజుల్లోనే. ఆ చేలల్లో పెరిగే ఈ పురుగును రైతులు పచ్చ దీపపు పురుగు అంటారు. బియ్యపు గింజంత కూడా ఉండదు. మగవాటికి రెక్కల కొసన నలుపు. వరి రసం పీల్చడమే కాదు, తుంగ్రో వైరస్‌ను ఒక మొక్క నుంచి ఇంకో మొక్కకు మోసుకెళుతుంది. వరికి గండమే గానీ మనకు కాదు. ఒంటి మీద వాలితే ఎప్పుడైనా చురుక్కుమంటుంది, అంతే. వెన్నెల లేని రాత్రుల్లో ఇవి దీపాలకు మరీ ఎక్కువగా వస్తాయి. దీపావళి అమావాస్య నాడు కదా, ఆ చుట్టుపక్కల రోజుల్లో ఇల్లంతా ఇవే ఉండడానికి అదో కారణం.

దీపం మీద మోజుతో వస్తాయనుకుంటాం గానీ, అసలు సంగతి వేరు. లండన్ ఇంపీరియల్ కాలేజీ వాళ్ళూ మరికొందరు శాస్త్రవేత్తలూ హైస్పీడ్ కెమెరాలతో గమనించి 2024లో చెప్పారు: చాలా పురుగులు ఎగిరేటప్పుడు వీపును వెలుతురు వైపు తిప్పుకుంటాయట. రాత్రి ఆకాశమే నేలకన్నా వెలుగ్గా ఉంటుంది గనక, పైనేదో కిందేదో వాటికి అలా తెలుస్తుంది. పక్కన బల్బు వెలిగితే ఆ లెక్క తప్పుతుంది, దాని చుట్టూనే తిరుగుతూ చిక్కుకుపోతాయి. పాపం, వాటికి దారి తప్పించింది మన దీపమే.

అందుకే మందు వాటి మీద కాదు, వెలుతురు మీద వేయాలి. చీకటి పడకముందే కిటికీలు వేసేయండి, తలుపు కింద సందులో పాత గుడ్డ పెట్టండి. గదిలో తెల్ల లైటు తీసి పసుపు రంగు బల్బు వేయండి. నీలి, అతినీల కాంతులు పురుగుల్ని లాగినంతగా పసుపు వెలుగు లాగదు. వసారాలో ఒక లైటు ఉంచి, దాని కింద వెడల్పాటి పళ్ళెంలో నీళ్ళు పెడితే చాలావరకు అక్కడే ఆగిపోతాయి. నూనె రాసిన కాగితం వేలాడదీసే పాత పద్ధతి కూడా మంచిదే. భోజనాలు వీలైతే పొద్దుగూకకముందే కానిచ్చేయండి.

ఒక్క పురుగు విషయంలో మాత్రం నా మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. నారింజ, నలుపు రంగు పట్టీలతో సన్నగా, సెంటీమీటరుకు లోపే ఉంటుంది. కుట్టదు, కరవదు. కానీ ఒంటి మీద వాలినప్పుడు చేత్తో నలిపామా, దాని ఒంట్లోని పెడెరిన్ అనే విషం చర్మానికి అంటుతుంది. ఒకటి రెండు రోజులకు చారలా ఎర్రగా కాలి బొబ్బలెక్కుతుంది. అదే చేత్తో కన్ను నులిమితే కన్ను వాస్తుంది. కనిపిస్తే మెల్లగా ఊదేయండి, పొరపాటున నలిగితే వెంటనే సబ్బుతో కడగండి. బొబ్బలొస్తే డాక్టరుకు చూపించండి. చేలో మాత్రం ఇది రైతుకు మిత్రుడు, వరిని పీల్చే దోమల్ని తిని పెడుతుంది.

ఇక స్ప్రే డబ్బాల సంగతి. పసిపిల్లలున్న గదిలో, వంటింట్లో వాటిని కొట్టకండి. ఆ గాలి పీల్చేది మనమే. పైగా లైటు వెలుగుతున్నంతసేపూ చచ్చినవాటి చోటికి కొత్తవి వస్తూనే ఉంటాయి. వరి కోతలైపోతే వీటి జోరూ తగ్గుతుంది. ఈ కొన్నాళ్ళు సందె పడగానే అక్కర్లేని లైట్లు ఆపి చూడండి, మీకే తేడా తెలుస్తుంది.