సుమోలు ఎగరని సీమలో మూడు రోజులు!

జాజ్ సంగీతం పిచ్చి పట్టినవాడు జన్మకొక్కసారైనా న్యూ ఆర్లీన్స్ చూడాలనుకుంటాడు. బేస్‌బాల్ పిచ్చివాడికి అమెరికాలోని కూపర్స్‌టౌన్ అనే చిన్న ఊరే కాశీ. ఆ ఆట మ్యూజియం 1939 నుంచీ అక్కడే ఉంది. నాటకాల పిచ్చివాడు షేక్‌స్పియర్ పుట్టిన స్ట్రాట్‌ఫర్డ్‌కి టిక్కెట్టు కొంటాడు. మరి మన తెలుగువాడికి ఈ మూడు పిచ్చులూ ఒకేసారి పడితే? పాటా కావాలి, నాటకమూ కావాలి, బ్యాటూ బంతీ కూడా కావాలి!

పాస్‌పోర్టు అక్కర్లేదు. కర్నూలులో బస్సెక్కి కడపలో దిగండి చాలు.

నవ్వుతున్నారా? కర్నూలూ కడపా అనగానే మీ కళ్ళముందు ఏం కదిలిందో నాకు తెలుసు లెండి. ఎర్రమట్టి రోడ్డు, దుమ్ము రేపుకుంటూ వరసగా సుమోలు, ఒక్కసారిగా ‘ఢాం!’... ఆ పైన తొడ కొట్టే హీరో. 1999లో ‘సమరసింహారెడ్డి’, 2001లో ‘నరసింహనాయుడు’, 2002లో ‘ఇంద్ర’... వరసపెట్టి ఈ సినిమాలన్నీ చూసి ఈలలు వేసినవాళ్ళమే మనమంతా. ఈ సీమలో కక్షలు లేవని ఎవరూ అనరు. ఉన్నాయి, ఊళ్ళకు ఊళ్ళే ఏడ్చిన రోజులూ ఉన్నాయి. కానీ సినిమా ఇక్కణ్ణించి పట్టుకుపోయింది బాంబు ఒక్కటేనా? అదే చూద్దామని మూడు రోజులు తిరిగొచ్చాను.

బురుజు దగ్గర మొదలు

కర్నూలులో దిగితే ఎవరైనా ముందు చూపించేది కొండారెడ్డి బురుజే. విజయనగర రాజుల కాలం నాటి కోటలో మిగిలిన ముక్క. ఊరి నడిబొడ్డున ట్రాఫిక్ మధ్య ఠీవిగా నిలబడి ఉంటుంది. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ళపాటు ఈ ఊరు ఆంధ్రరాష్ట్రానికి రాజధాని. ఆ సంగతి పరీక్షల కోసం చదువుకున్నవాళ్ళకి గుర్తుంటుంది. మిగిలిన కుర్రకారుకి మాత్రం ఇది ‘ఒక్కడు’ బురుజు!

2003 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో మహేష్‌బాబు కత్తి పట్టుకుని రాలేదు. కబడ్డీ ఆడటానికి హైదరాబాదు నుంచి కర్నూలు వచ్చాడు. ఫ్యాక్షన్ సినిమాలు జోరుమీదున్న రోజుల్లో గుణశేఖర్ ఆటగాణ్ణి హీరో చేశాడన్నమాట. ఆ కథ మర్నాటి ఏడాదే తమిళంలో ‘గిల్లి’ అయింది. అక్కడ కర్నూలు కాస్తా మదురై అయిపోయింది. బురుజు మాత్రం మనకే మిగిలింది. ఇప్పటికీ దాని ముందు నిలబడి ఆ ఫోజులో ఫోటో దిగని కుర్రాడు లేడు.

పొద్దున్నే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ కట్టించుకుని బస్సెక్కాను. బొరుగులు నానబెట్టి పోపు వేస్తే అంత రుచి ఎలా వస్తుందో కర్నూలు వాళ్ళే చెప్పాలి.

గుహలో సప్తస్వరాలు

నంద్యాల దాటి, బనగానపల్లె మీదుగా వెళితే బెలుం గుహలు. పాత కర్నూలు జిల్లాలోవి, 2022 నుంచి నంద్యాల జిల్లాలో చేరాయి. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో సుమారు సగం దూరం దీపాలు పెట్టి మనల్ని తిరగనిస్తారు. పైన నిప్పులు కురుస్తుంటాయి. లోపల సున్నపురాతిని వేల ఏళ్ళపాటు నీళ్ళు తొలిచి చేసిన గదులు, గొందులు. అందులో ఒక గది పేరు సప్తస్వరాల గుహ. పైనుంచి వేలాడే రాళ్ళని తడితే కంచు మోగినట్టు ఒక్కోటీ ఒక్కో స్వరం పలుకుతుంది. (దయచేసి మీరు మాత్రం వాయించి చూడకండి. అందరూ తలో దెబ్బా వేస్తే రేపు స్వరాలూ ఉండవు, రాళ్ళూ ఉండవు!)

బెలుం నుంచి కడప వెళ్ళే బస్సులో నా పక్కన ఒక డిగ్రీ కుర్రాడు కూర్చున్నాడు. సినిమా పత్రికకి రాస్తానని చెప్పగానే సరదాగా కబుర్లు మొదలుపెట్టి, ఉన్నట్టుండి గొంతు తగ్గించాడు.

“హైదరాబాదులో రూము కోసం పోతే యే వూరంటారు సార్. కడప అంటే సాలు, బాంబులేమన్నా తెచ్చినావా అని నగుతారు. మొదట్లో మేమూ నగినాం. ఎన్నేండ్లని నగేది?”

నా దగ్గర జవాబు లేదు. మన ఈలల ఖర్చు ఆ కుర్రాడు కడుతున్నాడు. అంతే!

మాయాబజార్ ఎవరిది?

ఆ కుర్రాడి ప్రశ్న పట్టుకుని కాస్త వెనక్కి వెళదాం. తెలుగు సినిమాలో గొప్పవి పది చెప్పమంటే ఎవరి లిస్టులోనైనా ‘పాతాళభైరవి’ (1951), ‘మల్లీశ్వరి’ (1951), ‘మాయాబజార్’ (1957) ఉంటాయా లేదా? మల్లీశ్వరి తీసిన బి.ఎన్.రెడ్డి గారిది పులివెందుల ప్రాంతం. పాతాళభైరవి, మాయాబజార్ తీసిన విజయా సంస్థ అధినేతల్లో ఒకరు ఆయన తమ్ముడు బి.నాగిరెడ్డి. పుట్టింది కడప జిల్లా పొట్టిపాడులో. ఆ రెండు సినిమాల దర్శకుడు కె.వి.రెడ్డిది పక్కనే అనంతపురం జిల్లా తాడిపత్రి. దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు అన్నగారికి 1974లో, తమ్ముడికి 1986లో! మన కడుపు చెక్కలయ్యేలా నవ్వించిన పద్మనాభం ఊరు సింహాద్రిపురం. వెండితెర అమ్మ శాంతకుమారిది ప్రొద్దుటూరు.

అంటే మద్రాసులో మన సినిమాకి ఇల్లు కట్టిన చేతుల్లో సీమ చేతులు చాలా ఉన్నాయన్నమాట. ఆ ఇంట్లో పెరిగిన సినిమా తిరిగి సీమకి ఇచ్చిన కానుక ఏమిటయ్యా అంటే... సుమోలు!

డైలీ సీరియల్‌కి తాత

ఇక నాటకం. రాయచోటి వైపు చక్రాయపేట మండలంలో సురభి అనే చిన్న ఊరుంది. ‘సురభి నాటకాలు’ అంటే తెలియని తెలుగువాడు లేడు. ఆ పేరు ఈ ఊరిదే. 1885లో వనారస గోవిందరావు గారి బృందం ఇక్కడ ‘కీచకవధ’ ఆడింది. అంతకుముందు వాళ్ళది తోలుబొమ్మలాట. బొమ్మల్ని పక్కన పెట్టి మనుషులే రంగం మీదికొచ్చారు. ఇంట్లో తాత నుంచి మనవరాలి దాకా అందరూ నటులే. ఆడవేషాలు మగవాళ్ళు కట్టే రోజుల్లోనే సురభిలో ఆడవాళ్ళ వేషాలు ఆడవాళ్ళే కట్టారు.

ఊరూరా డేరా వేసేవారు. ఒక్కో చోట నెలల తరబడి మకాం. ఇవాళ ఒక నాటకం, రేపు ఇంకోటి. ఇప్పుడు మనింట్లో టీవీ ముందు రోజూ రాత్రి కూర్చుంటామే, ఆ డైలీ సీరియల్‌కి తాత అదేనండీ! కాకపోతే ఇక్కడ కట్ ఉండదు, రీటేక్ ఉండదు, కంప్యూటరు గ్రాఫిక్స్ అసలే ఉండవు. నారదుడు మబ్బుల్లోంచి దిగాలి, బాణానికి బాణం తగిలి గాల్లో నిప్పులు రాలాలి, రెప్ప వేసేలోపు అడవి కాస్తా అంతఃపురం కావాలి. అన్నీ తాళ్ళతో, తెరలతో, తీగలతో, మన కళ్ళెదుటే. వాళ్ళకి ఎక్కువ పేరు తెచ్చిన నాటకాలేవో తెలుసా? మాయాబజార్, పాతాళభైరవి! తెర మీదా సీమవాళ్ళే, రంగం మీదా సీమవాళ్ళే.

ఇంకో ముక్క. 1932లో మన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ వచ్చింది. అందులో లీలావతి సురభి కమలాబాయి. తెలుగు తెర తొలి కథానాయిక సురభి ఇంటి ఆడపడుచు! తల్లి నాటకం ఆడుతుండగా రంగస్థలం మీదే పుట్టిందని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు.

ఇప్పుడా ఊళ్ళో డేరా ఉంటుందని మాత్రం వెళ్ళకండి. నాటకం ఊరు దాటిపోయి చాలా కాలమైంది. ఆ కుటుంబాలు చాలా వరకు హైదరాబాదులో శేరిలింగంపల్లి దగ్గర స్థిరపడ్డాయి. ఊళ్ళో పొలాలు, గొర్రెలు, నిశ్శబ్దం. పేరు మాత్రం బోర్డు మీద ఉంది. ఆ బోర్డు చూస్తే గుండె కలుక్కుమంది. దారిలో గువ్వలచెరువు పాలకోవా తిన్నా ఆ చేదు పూర్తిగా పోలేదు.

బాణీ లేని పాట

కడప నుంచి రాజంపేట దారి పట్టాను. ఒంటిమిట్ట రాముడికి దండం పెట్టుకుని ఇంకాస్త ముందుకెళితే తాళ్ళపాక. 1408లో అన్నమయ్య పుట్టిన ఊరు. రోడ్డు పక్కన 108 అడుగుల విగ్రహం ఆకాశానికి తంబురా ఎత్తి పట్టుకున్నట్టుంటుంది. ఊళ్ళో చెన్నకేశవస్వామి గుడి చిన్నది, చల్లనిది.

జాజ్ అభిమాని కనుక ఇక్కడికొస్తే ఎగిరి గంతేస్తాడు. ఎందుకో చెబుతాను. అన్నమయ్య 32 వేల సంకీర్తనలు రాశాడంటారు. రాగిరేకుల మీద మనకి దొరికినవి 12 వేల పైచిలుకు. రేకు మీద పాట ఉంది, రాగం పేరు ఉంది. బాణీ లేదు! ఆయన ఎలా పాడుకున్నాడో కాలం మింగేసింది. అందుకని రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ మొదలు నేదునూరి కృష్ణమూర్తి, బాలమురళీకృష్ణ, గరిమెళ్ళ బాలకృష్ణప్రసాద్ దాకా మహామహులు తలో బాణీ కట్టారు. ఒకే పాట నలుగురి నోట నాలుగు రకాలు. జాజ్ వాళ్ళు చేసేదీ అదే కదా! పాత పాటనొకదాన్ని తీసుకుని, ఎవడి గుండెలో పలికినట్టు వాడు కొత్తగా వాయిస్తాడు. అలా చూస్తే ఆరొందల ఏళ్ళనాటి తాళ్ళపాకాయన మన నిత్యనూతన గీతకారుడు.

ఆ వరసలోనే 1997లో ‘అన్నమయ్య’ సినిమాకి కీరవాణి సంగీతం కట్టి జాతీయ అవార్డు తెచ్చుకున్నాడు. ఆస్కార్ ఆయనకి 2023లో ఎలాగూ వచ్చింది. ఇంకో ఆస్కార్ వీరుడు ఎ.ఆర్.రెహమాన్ ఈ జిల్లాకి పాత చుట్టమే. కడప అమీన్‌పీర్ దర్గాకి ఏళ్ళ తరబడి వస్తూనే ఉన్నాడు. అక్కడ ఉరుసు రాత్రుల్లో ఖవ్వాలీ వినాలి. ఒకడు చరణం ఎత్తుకుంటే ఇంకొకడు దాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోతాడు, చప్పట్లు తాళం పట్టుకుంటాయి. 2024 నవంబరులో రెహమాన్‌కిచ్చిన మాట కోసమని రామ్‌చరణ్ అయ్యప్ప మాలలోనే ఈ దర్గాకి వచ్చి వెళ్ళాడు. జనం ఇసుక వేస్తే రాలలేదు.

బంతి తిప్పిన అమ్మాయి

పాటా నాటకమూ అయ్యాయి. మరి బంతి? బేస్‌బాల్ అంటే మన చిల్లాకట్టెకి దొరల దేశంలో ఉన్న దూరపు చుట్టం. క్రికెట్టేమో మన పిల్లల ఊపిరి. కడప జిల్లా వీరపునాయునిపల్లె మండలంలో ఎర్రమల్లె అనే పల్లె ఉంది. అక్కడి పిల్ల శ్రీచరణి. చిన్నప్పుడు ఖోఖో, పరుగు పందాలు, బ్యాడ్మింటన్ అంటూ తిరిగి, ఆ తర్వాతే బంతి పట్టుకుంది. ఎడమచేతి స్పిన్. 2025 జూన్‌లో నాటింగ్‌హామ్‌లో ఇంగ్లండు మీద తొలి టీ20 ఆడి 12 పరుగులకే 4 వికెట్లు తీసింది. అదే ఏడాది వన్డే ప్రపంచకప్‌లో 9 మ్యాచుల్లో 14 వికెట్లు! నవంబరు 2న నవీముంబయిలో దక్షిణాఫ్రికాని 52 పరుగుల తేడాతో ఓడించి కప్పు ఎత్తిన జట్టులో మన కడప పిల్ల ఉంది.

సినిమా ఇరవై ఏళ్ళు సీమ చేతిలో పెట్టింది ఒక గుండ్రటి వస్తువు. ఈ అమ్మాయి అదే సీమ నుంచి ఇంకో గుండ్రటి వస్తువు పట్టుకొచ్చింది. దీనికీ ఢాం అనే చప్పుడుంది. కాకపోతే అది చప్పట్లది!

ఈ మధ్య సినిమా కూడా కాస్త దారికొస్తోందండోయ్. 2018లో ‘అరవింద సమేత’లో త్రివిక్రమ్ కత్తి దించే హీరోని చూపించాడు. అందులో భర్తని పోగొట్టుకున్న ఆడవాళ్ళ శోకాన్ని సీమ మాటల్లోనే పాటగా వినిపించారు. ఆ పాట వచ్చినప్పుడు హాల్లో ఈల వినపడలేదు. గుర్తుందా?

ఇక మీ వంతు

వెళ్ళేవాళ్ళకి నాలుగు మాటలు. ఎండాకాలం జోలికి పోకండి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా హాయి. కర్నూలు నుంచి కడప సుమారు 200 కిలోమీటర్లు. తిన్నగా వెళితే ఒక పూట, బెలుం మీదుగా అయితే ఒక రోజు. తుంగభద్ర నీళ్ళు మోసుకుంటూ కె.సి. కెనాల్ కూడా కర్నూలు నుంచి కడపకే వెళుతుంది. వానరాని నేలకి అదే పచ్చటి అంచు. కడపలో కారం దోసె, రాగిసంగటి నాటుకోడి పులుసు మరచిపోవద్దు.

బస్సులో పక్కన కూర్చున్న కుర్రాడు ఏ ఊరో చెబితే మాత్రం జోకు వెయ్యకండి. “మాయాబజార్ మీవాళ్ళదేనటగా?” అని అడిగి చూడండి. కడప దాకా మీకు కబుర్లకి కరువుండదు.