జిరాక్సా, ఒరిజినలా?

దోహా నగరానికి నైరుతి వైపున్న ఇండస్ట్రియల్ ఏరియాలో వీధుల్ని నంబర్లతోనే పిలుస్తారు. గ్యారేజీలు, గోడౌన్లు, లేబర్ క్యాంపులు. కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుంచి వచ్చిన మనవాళ్ళు అడుగడుగునా కనిపిస్తారు. అక్కడి ఒక కాంట్రాక్టు కంపెనీకి జీతాల సాఫ్ట్‌వేర్ చూసిపెట్టే పని కొన్నాళ్ళు చేశాను.

ఒకరోజు జగిత్యాల మేస్త్రీ ఒకాయన జీతం చీటీతో వచ్చాడు. "సార్, ఓటీ పైసలు తక్కువ వచ్చినయి. జర చూడుండ్రి" అన్నాడు.

ప్రోగ్రాం సి ప్లస్ ప్లస్‌లో ఎవరో ఎప్పుడో రాసింది. ఆయన మూలవేతనం 1000 రియాళ్ళు. అడ్వాన్సు కోత 200. కోత లెక్కకట్టే ఫంక్షన్‌కి మూలవేతనం అందిస్తున్నారు. పిలిచినచోట చూస్తే అనుమానించడానికి ఏమీ లేదు. ఫంక్షన్ లోపలికి వెళ్తే గానీ తెలియలేదు, అది మూలవేతనాన్ని రిఫరెన్స్‌గా తీసుకుని అందులోంచే 200 తీసేస్తోందని! ఆ తర్వాతి లైను ఓటీని 800 మీద లెక్కకడుతోంది. అడ్వాన్సు తీసుకున్న ప్రతివాడికీ ఓటీలో అయిదో వంతు కోత.

వీలైనంత తేలిగ్గా ఆయనకి చెప్పాను. వెంటనే, "అంటే జిరాక్స్ ఇమ్మని ఒరిజినల్ గుంజుకున్నట్టు గదా సార్!" అన్నాడు.

ఇంతకంటే బాగా ఏ ప్రొఫెసరూ చెప్పలేదు నాకు. పాస్‌పోర్టు సంగతి గల్ఫ్ కార్మికుడికి ఒకరు చెప్పాలా? యజమాని పాస్‌పోర్టు ఉంచుకోవడాన్ని ఖతార్ 2009 చట్టంలోనే నిషేధించింది. 2015లో చేసిన చట్టం జరిమానాని 25,000 రియాళ్ళ దాకా పెంచింది. ఇచ్చేది కాపీయా, అసలా అన్నది ఇచ్చేవాడికి తెలియాలి కదా!

ప్రోగ్రామింగ్ భాషల్లో ఇది పాత తగాదాయే. పాస్కల్‌లో 'వార్' అని ఫంక్షన్ నిర్వచనంలో రాస్తే చాలు, పిలిచేచోట ఏ గుర్తూ ఉండదు. సి ప్లస్ ప్లస్ రిఫరెన్సులూ అంతే. 2002లో వచ్చిన సి షార్ప్ మాత్రం 'రెఫ్', 'ఔట్' మాటల్ని రెండుచోట్లా రాయమంది. స్విఫ్ట్ పిలిచేచోట యాంపర్‌సాండ్ పెట్టమంటుంది. రస్ట్ అయితే దానిపక్కన 'మ్యూట్' కూడా రాయిస్తుంది.

ఇదంతా చాదస్తమని, ఎడిటర్ మీద మౌస్ పెడితే తెలిసిపోతుందని వాదించే మిత్రులున్నారు. ఆ గుర్తు పూర్తి రక్షణ కాదన్నదీ నిజమే. సి షార్ప్‌లో క్లాస్ వస్తువుని 'రెఫ్' లేకుండా ఇచ్చినా దాని లోపలి విలువలు మారవచ్చు. కానీ కోడ్ రాసేది ఒకసారి, చదివేది వందసార్లు. చదివేవాడు ప్రతి ఫంక్షన్ తలుపూ తీసి చూడలేడు. నాలుగక్షరాలు ఎక్కువ టైపు చేసే శ్రమ మనది. అవి లేకపోతే పోయే రియాళ్ళు ఇంకొకరివి.