మా యింటి మెటడారు

పత్రికకు ఏదేని వ్రాసి యిండని సంపాదక విద్యార్థులు మమ్ము అడిగి మూడు వారములైనది. ఏటేట వలెనే ఏదో యొక కావ్యమును గూర్చి వ్రాయవలెనని తలచి రెండు పుటలు వ్రాసితిమి, చించితిమి. ఇంతలో ఒకనాటి ఉదయమున పాఠశాల యెదుట కూరగాయల బండి యొకటి ఆగిపోయినది. దాని డ్రైవరు ఇంజనుపైకి వంగి, కన్నులు మూసికొని, చెవి యొగ్గి వినుచుండెను. ఆ వినుట చూచినంతనే మాకు మా నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. కావున ఈ యేటికి కావ్యము నట్లుంచి, మా యింట పదునాలుగేండ్లు ఉన్న పాత బండిని గూర్చి వ్రాయుచున్నాము. పెద్దలు మన్నింతురుగాక.

మాది హొసూరు తాలూకాలో బాగలూరికి ఆవల నొక పల్లె. ఇంట తెలుగు, సంతలో కన్నడము, కచ్చేరిలో తమిళము. ఇది మన విద్యార్థులలో అనేకుల యిండ్లలో ఉన్నదే గనుక వివరింప నక్కరలేదు. 1989లో మా నాయనగారు ఎద్దుల జతను అమ్మి, కొంత అప్పు తెచ్చి, బెంగుళూరిలో మెటడారు పికప్పు బండి నొకదానిని కొనిరి. మా యింటికి వచ్చునప్పటికే అది ముగ్గురు యజమానులను చూచియుండెను. ఇకమీద దాని చేష్టలను గూర్చి మేము వ్రాయబోవు దానిలో తప్పు చేసినవారిది కాదు, దాని వయస్సుది.

ఈనాటి పిల్లలలో పెక్కుమంది మెటడారును చూచియుండరు. జర్మనీ దేశమున హాంబర్గు నగరపు టెంపో కర్మాగారమువారి నమూనా ననుసరించి, పూనా చెంతనున్న ఆకుర్డిలో బజాజ్ టెంపో సంస్థవారు 1969 మొదలు దీనిని తయారు చేసిరి. అంతకు ముందే ఆ సంస్థనుండి వెలువడిన మూడు చక్రముల హాన్సీటు బండిని చూచి మన జనులు చిన్న సరకు బండి నెల్ల 'టెంపో' అనుట నేర్చిరి. 2005లో సంస్థ పేరు ఫోర్స్ మోటార్స్ అని మారినది. మెటడారు తయారీ నిలిచిపోయి చాలకాల మైనది. 'టెంపో' అను మాట మాత్రము మన పల్లెలను వీడిపోలేదు.

మెటడారు అనగా స్పెయిను దేశపు భాషలో ఎద్దుతో పోరాడి దానిని చంపు వీరుడు. ఈ యర్థము మాకు చాల యేండ్లకు గాని, ఒక నిఘంటువు చూచినప్పుడు గాని, తెలియలేదు. ఎద్దులను అమ్మి కొన్న బండికి ఆ పేరు తగినదే యని మురిసి నాయనగారితో చెప్పితిమి. ఆయన నవ్వలేదు. "మన ఎద్దుల్ని ఎవురూ సంపలేదులేప్పా. మంచి రైతుకే అమ్మినా" అనిరి.

బండి వెనుక పలకపై 'గంగమ్మ తల్లి' అని తెలుగున వ్రాయింపవలెనని నాయనగారి కోరిక. హొసూరిలో రంగులు వేయు మనిషికి తెలుగు రాదు. ఆయన తమిళమున వ్రాయుదు ననెను. నాయనగారు ఒప్పుకొనక కాగితముపై తామే వ్రాసి యిచ్చిరి. వారి చదువు మూడవ తరగతి. వారి చేతిలో జారినదో, ఆ మనిషి కుంచెలో జారినదో, మ క్రింది వత్తు ఎగిరిపోయి పలకపై 'గంగమ తల్లి' అని వెలసినది. పసుపు పచ్చని యక్షరములు, ఎఱ్ఱని నీడలు. చూచుటకు మాత్రము చక్కగానే ఉండెను.

దాని ఇంజను డ్రైవరు గదిలోనే, ఇద్దరి నడుమ, ఒక మూత క్రింద ఉండెను. చలికాలమున ఆ మూత చెంత కాళ్లు చాచి కూర్చుండుట కంటె సుఖము లేదు. ఎండకాలమున అదియే పొయ్యి. బండిని లాగునవి ముందు చక్రములు. వెనుక చక్రములకు శక్తిని గొనిపోవు పొడవైన కడ్డీ అడుగున లేనందున తొట్టి నేలకు దగ్గరగా ఉండెను. మా అమ్మగారును మేనత్తగారును టమాటా గంపలను ఒకరి సాయము లేకయే తొట్టిలోనికి ఎక్కించెడివారు. ఆ బండి గుణములలో మా యింటి ఆడువారు మెచ్చినది ఇదియొక్కటే.

అయితే తొట్టి నిండినకొలది వెనుక క్రుంగి, ముందు భాగము తేలికయై, మా తోటనుండి రోడ్డునకు ఎక్కు మట్టి గట్టున ముందు చక్రములు ఊరక తిరిగెడివి. అప్పుడు నాయనగారు మమ్మును మా తమ్ముని ముందు బంపరుపై కూర్చుండబెట్టెడివారు. ఇద్దరు బక్క పిల్లల బరువు ఏపాటిది? అయినను కొన్ని దినములు అదియే చాలెడిది. (విద్యార్థులారా, అది తప్పు. మీరెవ్వరును అట్లు కూర్చుండరాదు.) చాలనినాడు బండిని మొగము త్రిప్పి, వెనుకకు నడుపుచు గట్టెక్కించెడివారు. అట్లు చేసిన, బరువు పల్లము వైపునకు, అనగా ముందు చక్రములపైకి వచ్చి, వానికి పట్టు దొరకును. ఈ కిటుకును నాయనగారికి ఎవ్వరును నేర్పలేదు. వెనుకకు నడచి గట్టెక్కు బండిని చూచి ఊరి పిల్లలు చప్పట్లు కొట్టెడివారు. మేము సిగ్గుతో తల వంచుకొనెడివారము.

మన ప్రాంతమున ధనుర్మాసపు తెల్లవారుజామున చలి యెట్లుండునో మీరెరుగుదురు. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని గట్టిగా నొక్కగా పుట్టు వేడిమికే నూనె మండవలెను. చలిలో ఆ వేడిమి చాలదు. అందుకై ఒక్కొక్క సిలిండరునకు ఒక్కొక్క హీటరు ఉండును. మా బండికి సిలిండర్లు నాలుగు, హీటర్లు నాలుగు. అవి గొలుసువలె ఒకదాని వెంట నొకటి కూర్పబడి యుండెను. నాలుగింటిలో ఒకటి కాలిపోయిన, తక్కిన మూడును వేడెక్కవు. కాలిన దేదో కనుగొనుటకు నాయనగారు చిన్న తీగముక్కతో ఒక్కొక్కదానిని దాటవేసి చూచెడివారు. అన్నియు బాగున్ననాడు మీట నొక్కిపట్టి ముప్పది లెక్కించుట మా పని. బడిలో చేరకముందే మా తమ్మునికి తెలుగు అంకెలు ముప్పది వరకు వచ్చినవి. అటుపైన రాలేదు. ముప్పది అనగానే నాయనగారు తాళము త్రిప్పెడివారు గదా!

ఇంజను మేల్కొన్న పిదప అందరును వినవలెను. ఆ బండి చేయు ప్రతి ధ్వనికిని మా యింట నొక మాట ఉండెను. "దగ్గతా వుండాది" అనిన, ఒక సిలిండరులో నూనె సరిగా మండుట లేదని యర్థము. "ముక్కతా వుండాది" అనిన, పై గేరులో బరువు లాగలేక యున్నదని. "పండ్లు కొరకతా వుండాది" అనిన, గేరు కుదురుగా పడలేదని. "గాలి మింగింది" అనిన మాత్రము అందరును క్రిందికి దిగవలసినదే. నూనె అడుగంటువరకు నడిపిన, గొట్టములలో గాలి చేరును. అప్పుడు మరను వదులు చేసి, పంపు పిడిని చేతితో కొట్టుచు, నురుగంతయు పోయి తేటయైన డీజిలు వచ్చువరకు ఓపిక పట్టవలెను. కొట్టుట మా వంతు. నురుగును చూచి "ఇంకా, ఇంకా, చాల్లే" అనుట తమ్ముని వంతు. ఆనాడు బడిలో మా ప్రక్కన కూర్చుండుట కెవ్వరును ఇష్టపడెడివారు కారు. సబ్బుతో కడిగినను డీజిలు వాసన రెండు దినములు పోదు.

రాత్రి రెండు గంటలకు బయలుదేరి, అత్తిబెలె దాటి, తెల్లవారకముందే కలాసిపాళ్యము మార్కెట్టు చేరవలెను. ధర పలికినదో లేదో మధ్యాహ్నము నాయనగారు నోరు తెరువకయే అమ్మగారు ఎరుగుదురు. పలికిననాడు ఊరి మొదట చింతమాను దగ్గర హారను మ్రోగెడిది. పలుకనినాడు బండి నిశ్శబ్దముగా వచ్చి నిలిచెడిది. గంపలకు కూలియైన రాని యేడు ఒకటి వచ్చినది. ఆ యేడు హారను విన్న జ్ఞాపకము లేదు.

2000లో మేము ఉపాధ్యాయ శిక్షణకై ఆంధ్రప్రదేశ్‌నకు పోయితిమి. పెట్టెయు పరుపును తొట్టిలో వేసికొని నాయనగారే దిగబెట్టిరి. అక్కడ మేము నోరు తెరచిన మొదటినాడే తోటివారు నవ్విరి. ఇది తెలుగా, కన్నడమా అని అడిగిరి. వారు చెడ్డవారు కారు. తరువాత మంచి స్నేహితులైరి. కాని ఆ నవ్వు మాలో నాటుకొన్నది. మా మాటను మేమే గీచి గీచి నున్నచేసికొంటిమి. సెలవులకు వచ్చునప్పటికి మా నోట ఊరి మాట యొక్కటి మిగులలేదు. దానిని గొప్పగా తలచితిమి.

అట్టి సెలవులలో నొకనాటి రాత్రి బండిలో నాయనగారి ప్రక్కన కూర్చుండి పోవుచుంటిమి. చందాపురము దాటిన పిదప ఆయన చెవి యొగ్గి, "దగ్గతా వుండాది" అనిరి. మేము ఊరకుండలేదు. "దగ్గుచున్నది అనవలెను నాయనా. అదియును గాక బండి దగ్గదు, మనుష్యులు దగ్గుదురు" అంటిమి. ఆయన కొంత దూరము పలుకలేదు. పిదప, నిజముగనే తెలిసికొనగోరి, "అయితే బండి ఇట్ల సద్దు సేస్తే మీ బుక్కుల్లో ఏమంటారప్పా?" అని అడిగిరి.

మాకు తెలియలేదు. ఇంటికి వచ్చి శబ్దరత్నాకరము తిరుగవేసితిమి. 1885 నాటి నిఘంటువులో డీజిలు ఇంజను దగ్గునకు మాట యెట్లుండును? రుడాల్ఫ్ డీజిలు తన ఇంజనును చక్కగా నడిపి చూపినది 1897లో. ఈ సంగతి యప్పుడు మాకు తోచలేదు. లేని మాటకై రెండు దినములు వెదకితిమి. ఉన్న మాటను ఎగతాళి చేసితిమని మాత్రము తోచలేదు.

ఆనాటినుండి నాయనగారు మా యెదుట "దగ్గ..." అని మొదలిడి, నిలిపి, "మిస్సింగు వస్తా వుంది" అనుట ఆరంభించిరి. అది ఏ మెకానిక్కు నొద్దనో విన్న ఇంగ్లీషు మాట. దానికి మేము తప్పు పట్టమని ఆయనకు తెలియును. తమ్మునితో మాత్రము దగ్గు దగ్గుగానే సాగినది. మేము గదిలోనికి రాగానే మాట మారెడిది. తెలుగు బోధించుటకు శిక్షణ పొందుచున్నవాడు కన్నతండ్రి నోట తెలుగు మాటను మాన్పించి ఇంగ్లీషు మాటను పెట్టించెను. ఈ సంగతి మాకు అర్థమగుటకు పది సంవత్సరములు పట్టినది. అర్థమైన పిదపను ఆయనతో దానిని గూర్చి మాటలాడుటకు ధైర్యము చాలలేదు. 2016లో ఆయన గతించిరి.

బండి అంతకు ముందే, 2003లో, పాత ఇనుపసామాను వ్యాపారికి పోయినది. బండి నప్పగించునాడు నాయనగారు వెనుక పలకను మరలు విప్పి తీసికొనిరి. అప్పటికి మాకు ఉద్యోగమై కొన్ని నెలలైనది. చేతిలో సుద్దముక్క పట్టినవానికి లోకమంతయు నల్లబల్లవలె కనబడును. రంగు తెచ్చి మ క్రింద వత్తు పెట్టుదుమంటిమి. "వద్దప్పా. అది బండి పేరు, బడి పేరు గాదు" అని, పలకను గోడకు చేర్చి, ఆయన లోనికి పోయిరి.

గత సంవత్సరము తొమ్మిదవ తరగతి వ్యాసములు దిద్దుచుండగా, ఒక విద్యార్థి తన తండ్రిగారి పాత బండిని గూర్చి వ్రాసినది కంటబడినది. 'మా బండి చలికి మొండికేసుకొంటాది' అని యుండెను. పరీక్షలో మార్కులు పోవును గనుక 'కొంటాది' అనుదానిని 'కొనును' అని దిద్దితిమి. 'మొండి' జోలికి పోలేదు. ప్రక్కన ఎఱ్ఱసిరాతో, 'మొండికేసినప్పుడు ఏమి సద్దు చేయును?' అని వ్రాసి యిచ్చితిమి. మరునాడు ఆ బాలుడు తండ్రి నడిగి నాలుగు మాటలు వ్రాసికొని వచ్చెను. అందు రెండు మేము ఏనాడును వినినవి కావు. తల్లిదండ్రులలో బండి నడుపువారు ఉన్నయెడల, మీ యింట ఇట్టి మాట లేవి ఉన్నవో పిల్లలచే వ్రాయించి పంపుడు. ఎఱ్ఱసిరా తాకింపము.

పలక ఇప్పుడు మా యింట పుస్తకముల బీరువాలో అడుగు అరగా ఉన్నది. శబ్దరత్నాకరము దానిపైననే ఉండును. శుక్రవారమున మా అమ్మగారు పుస్తకములను ఒక ప్రక్కకు జరిపి, అక్షరములను తడిబట్టతో తుడిచి, కుంకుమ పెట్టుదురు. వత్తు ఉండవలసిన చోట కూడ ఒక బొట్టు పెట్టుదురు.