సుత్తి మాస్టారు



మీలో యాభైకి అటూ ఇటూ ఉన్నవారికి ‘నాలుగు స్తంభాలాట’ గుర్తుండే ఉంటుంది. జంధ్యాల గారి దర్శకత్వంలో 1982లో వచ్చిన చిత్రం. నరేష్, ప్రదీప్, పూర్ణిమ, తులసి – నూనూగు మీసాల వయసు ప్రేమలు; నడుమ వీరభద్రరావు, వేలు గార్ల హాస్యం. ప్రేమకథ మాట ఎలా ఉన్నా, మా ఫరంపేట పిల్లలకు ఆ హాస్యమే సినిమా. కమ్మరి కొలిమి దగ్గర ఉండవలసిన ‘సుత్తి’, విసిగించే మాటలకు పేరై ఆ చిత్రంతోనే ఊరూరా పాకింది. ఆ నటులిద్దరికీ ఇంటిపేరై నిలిచిపోయింది.

నేను దానిని కొన్నేళ్ళు ఆలస్యంగా, యానాంలో నాన్నగారి పక్కన కూర్చుని చూశాను. మరునాటికే మా తెలుగు మాస్టారికి పేరు సిద్ధమయింది. గంట కొట్టిన తరువాత కూడా ఆయన కదిలేవారు కారు. పాఠంలో లేని పద్యమొకటి చదివి, మాట మాటకూ అర్థం చెప్పేవారు. నల్లబల్ల మీద ‘సుత్తి మాస్టారు’ అని వ్రాసింది నేనే.

ఆయన చూశారు. ఎవరు వ్రాశారని అడగలేదు. “విగ్రహవాక్యం చెప్పండర్రా” అన్నారు. ఎవరూ చెప్పకపోతే తామే వ్రాశారు: సుత్తి వంటి మాస్టారు – ఉపమాన పూర్వపద కర్మధారయం. తరగతి అంతా నవ్వింది, ఆయనా నవ్వారు. కానీ మరునాటి నుండి గంట వినబడగానే పుస్తకం మూసేవారు. ఏడాది చివరి వరకూ అంతే. ఆ వ్రాత నాదని ఆయనకు చెప్పనేలేదు. ఇప్పుడు చెప్పడానికి ఆయన లేరు.

మొన్న వేసవిలో అన్నయ్య పిల్లలకూ, పక్కింటి పిల్లలకూ ఆ సినిమా చూపించాను. పేరు దగ్గరే ఆగిపోయాము. స్తంభాలాట ఎలా ఆడతారో వారికి తెలియదు. మా వీధి అరుగులకు స్తంభాలు పోయి చాలా కాలమయింది. నలుగురు నాలుగు స్తంభాలు పట్టుకుంటే అయిదవవాడు దొంగ అని చెప్పాను. తరువాత నేను విరగబడి నవ్విన ప్రతిచోటా వాళ్ళు నా ముఖం చూశారు. ఆపి చెప్పాను, మళ్ళీ ఆపి చెప్పాను. వీరభద్రరావు గారు ఆకాశవాణి నుండి వచ్చిన మనిషి. ఒక్క అక్షరం మింగరు. అంత స్పష్టమైన తెలుగూ పిల్లలకు అందడం లేదు. మాకు ఆనాడు అందిందంటే, గంట తరువాతి ఆ పది నిమిషాల పుణ్యమే అది. ఆ సంగతి నాకు ఇన్నేళ్ళకు, రిమోట్ చేతిలో పట్టుకుని ఉండగా తోచింది.

నాలుగవసారి ఆపినప్పుడు అన్నయ్య కూతురు, “బాబాయ్, సుత్తి ఆపి సినిమా పెట్టవా!” అంది.

ఆ ఒక్క మాటకు మాత్రం ఎవరూ అర్థం అడగలేదు. ఎక్కడ నేర్చుకున్నావమ్మా అంటే, “అందరూ అంటారుగా” అంది.

మిగిలిన సగం మరునాడు చూశాము. నేను ఆపలేదు. సినిమా అయిన తరువాత వాళ్ళు మూడు మాటలకు అర్థం అడిగారు. చెప్పాను. నాలుగవది నేనే చెప్పబోయి, ఊరుకున్నాను.